సంఘం మనది, వాయిదా ఎవరిది?

హాస్టల్లో చేరిన రోజున మాలో చాలామంది చేతిలో ఉన్న ట్రంకు పెట్టె, దుప్పటి మా అమ్మల డ్వాక్రా డబ్బులతో కొన్నవే. నాన్నలు కొబ్బరి దింపులు తీసి, కోతలకు వెళ్ళి తెచ్చిన కూలి ఇంటి తిండికే చాలేది కాదు. కనుక డ్వాక్రా గురించి నాలుగు మాటలు చెప్పే హక్కు మాకు ఉందనుకుంటున్నాము.

డ్వాక్రా పథకం 1999లోనే వేరే పథకంలో కలిసిపోయింది. పేరు మాత్రం మా పేటల్లో ఇంకా పోలేదు. నెల్లూరు జిల్లాలో సారా మీద తిరగబడిన స్త్రీలే తరువాత రోజుకో రూపాయి దాచి దారి చూపించారు. 1992లో నాబార్డు ఈ సంఘాలను బ్యాంకులతో కలపడం మొదలుపెట్టింది. పదిమంది కూర్చుని, ఈ నెల ఎవరి పిల్లకు ఫీజు, ఎవరింట్లో జబ్బు అని మాట్లాడుకుని తీర్మానం రాసుకుంటారు. సంఘం సొమ్ము మీద వచ్చే వడ్డీ సంఘానికే మిగులుతుంది. పొలం కాగితం లేని మన అమ్మల్ని బ్యాంకు మేనేజరు కుర్చీ వేసి కూర్చోమన్నది దీనివల్లనే.

తరువాత కంపెనీలు వచ్చాయి. అవీ 'గ్రూపు' అనే పిలిచాయి. కానీ అక్కడ పొదుపు లేదు, తీర్మానం లేదు, వారం వారం వాయిదా ఒక్కటే ఉంది. ఒకరు కట్టకపోతే మిగతావారు కట్టాలి. మా పేటలో ఒక అమ్మ వాయిదా తప్పింది. కంపెనీ కుర్రాడు పల్లెత్తు మాట అనలేదు. డబ్బు వచ్చేదాకా కదలనని కూర్చున్నాడంతే. అరిచింది తోటి ఆడవాళ్ళు. ఆమె పురిటికి వేణ్ణీళ్ళు కాచిన చేతులే ఆ సాయంత్రం ఆమె బిందె బయట పెట్టాయి. ఆరు నెలలకు ఆమె మస్కట్ వెళ్ళింది. ఆమె కొడుకు మాతోపాటు ఇదే మెస్సులో అన్నం తిన్నాడు.

2006లో కృష్ణా జిల్లా అధికారులు ఇలాంటి సంస్థల శాఖలను మూయించారు. అదే ఏడాది బంగ్లాదేశ్‌లో చిన్న అప్పులకు దారి వేసిన యూనస్ గారికి నోబెల్ శాంతి బహుమతి వచ్చింది! 2010 ఆగస్టులో మన రాష్ట్రంలో పుట్టిన పెద్ద కంపెనీ షేర్ మార్కెట్టుకెక్కింది. అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. ఇంటి మీదకు రాకూడదని, నెల వాయిదాలే ఉండాలని, వడ్డీ అసలును మించకూడదని అందులో ఉంది. దాంతో కొందరు మళ్ళీ నూటికి అయిదు రూపాయల వడ్డీకి వెళ్ళారన్నదీ నిజమే. దాన్ని మేము దాచము.

మేము ఏ పార్టీ వాళ్ళమూ కాము. అయినా ఒక మాట. 2014లో రుణమాఫీ మాట నమ్మి మా అమ్మలు వాయిదాలు ఆపారు. మాఫీ బదులు మనిషికి పదివేలు, అదీ విడతలుగా వచ్చింది. ఈలోగా వడ్డీ పెరిగింది, సంఘం పేరు చెడింది.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, సంక్రాంతికి ఇంటికి వెళ్ళినప్పుడు సంఘం పుస్తకం అడిగి తీసుకుని అమ్మకు పైకి చదివి వినిపించండి. 2022 రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం ఇలాంటి అప్పు తీసుకున్న ఇంటి వాయిదాలన్నీ కలిపి నెల ఆదాయంలో సగం దాటకూడదు. సాయంత్రం ఆరు దాటాక వసూలుకు రాకూడదు. ఈ సంగతి మా అమ్మలకు ఎవరూ చెప్పలేదు.

మొన్న పండక్కి మేము అలాగే కూర్చుని చదివాము. మూడు చోట్ల తప్పు కనపడింది. రెండు మా అమ్మల లెక్కలోవి, ఒకటి బ్యాంకు పాసుపుస్తకంలోది. మొదటి రెండూ అక్కడే దిద్దుకున్నారు. మూడోదానికి అర్జీ పెట్టాము, జవాబు ఇంకా రాలేదు.