చెమట పట్టే ఒంటికి ఏంటెన్నా

ఇంట్లో ఎఫ్.ఎం. రేడియో ఉంటే దాని ఏంటెన్నా పుల్లను చేత్తో పట్టుకుని చూడండి. వినిపించే తీరు మారుతుంది. మన ఒళ్ళు ఉప్పునీటి మూట. అది రేడియో తరంగాలను పీల్చుకుంటుంది, ఏంటెన్నా శ్రుతినీ తప్పిస్తుంది.

గుండె లయనూ ఒంటి వేడినీ కనిపెట్టి, తీగ లేకుండా ఫోనుకు చేరవేసే పట్టీలను ఇప్పుడు చర్మానికి అంటిస్తున్నారు. వాటికీ ఇదే చిక్కు. 2.4 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు గాలిలో 12.5 సెంటీమీటర్లు. అందులో నాలుగో వంతు, అంటే సుమారు 3 సెంటీమీటర్ల ఏంటెన్నా చాలు. కాని గాలిలో కుదిరిన కొలత చర్మం మీద కుదరదు. అందుకని కొన్నిటిలో ఏంటెన్నాకూ ఒంటికీ నడుమ పలుచని లోహపు పొర వేస్తారు. అది ఒంటితోపాటు వంగాలి కూడా!

ప్రయోగశాలలో ఉప్పు, చక్కెర కలిపిన నీటితో నకిలీ ఒళ్ళు చేసి వీటిని పరీక్షిస్తారు. మంచిదే. అంతటితో ఆగిపోతేనే నాకు అభ్యంతరం. వనపర్తి, నాగర్‌కర్నూలు వేరుశనగ చేలలో మార్చి ఎండకు కాయ పీకే కూలీ వీపు మీదా పరీక్షించాలి. వడదెబ్బ భయం ఆమెకే గదా! చెమట పొర పట్టినప్పుడే సంకేతం తప్పిందంటే ఆ పట్టీ ఆమెకు దండగ.

ఈ పనికి గద్వాల నేతగాళ్ళనూ పిలవాలంటాను. అసలు జరీ అంటే వెండితీగ చుట్టిన పట్టుదారం. వెండి చక్కని విద్యుద్వాహకం. అయితే చెమట తగిలితే జరీ నల్లబడుతుంది. ఆ సంగతి ఇంజనీరు కంటే ముందు వాళ్ళే చెబుతారు.