గుడారంలోకి కుంపటి రానివ్వొద్దు

చలి ముదిరితే చాలు, లంబసింగి, వంజంగి, అరకు, మారేడుమిల్లి దారులు కార్లతో కిక్కిరిసిపోతాయి. ఇటు వికారాబాద్ అనంతగిరి కొండల చుట్టూ శనివారం సాయంత్రానికల్లా గుడారాలు వెలుస్తాయి. బొంగులో చికెనో, నిప్పుల మీద కాల్చిన చేపో పెట్టుకుని చలిమంట చుట్టూ నలుగురూ చేరి తినడంలోని ఆనందాన్ని ఎవరూ కాదనరు. భోజనాలయ్యాక మిగిలిన నిప్పుల్ని వెచ్చదనం కోసం గుడారంలోకి తెచ్చుకుని, జిప్పు బిగించి పడుకోవడం మాత్రం ప్రాణాంతకం. దాన్ని ఆపే పనిని పర్యాటకుల తెలివికి వదిలేసి చేతులు దులుపుకోవడం రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలకూ తగదు. గుడారంలోకి, మూసిన గదిలోకి బొగ్గుల కుంపటి రాకూడదన్నది సలహాగా కాక నిబంధనగా రావాలి. వచ్చే శీతాకాలం మొదలయ్యేలోపే రావాలి.

బొగ్గు బాగా ఎర్రబడ్డాక పొగ తగ్గుతుంది. కళ్లు మండవు, దగ్గు రాదు. ఇక భయం లేదనుకుంటాం. అసలు ముప్పు ఉన్నది అక్కడే. బొగ్గు నుంచి వెలువడే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తలనొప్పి, వికారం, కళ్లు తిరగడం దాని తొలి లక్షణాలు. మెలకువగా ఉన్నవారు కూడా వాటిని ప్రయాణ బడలిక అనో, తిన్నది పడలేదనో పొరబడతారు. నిద్రలో ఉన్నవారికి ఆ మాత్రం హెచ్చరికా అందదు. పైన బూడిద కప్పి ఆరిపోయినట్టు కనిపించే నిప్పు కూడా గంటల తరబడి ఈ వాయువును వదులుతూనే ఉంటుంది. 2020 జనవరిలో నేపాల్‌లోని దామన్ వద్ద ఒక రిసార్టు గదిలో గ్యాస్ హీటర్ వెలిగించుకుని పడుకున్న ఎనిమిది మంది కేరళ పర్యాటకులు ఊపిరాడక చనిపోయారు. వారిలో నలుగురు పిల్లలు. మూసిన చోట మంట ఎంత పని చేస్తుందో చెప్పడానికి మరో సాక్ష్యం అక్కర్లేదు.

పెరటి బార్బెక్యూ ఇంటింటి అలవాటైన అమెరికా అనుభవం ఈ విషయంలో మనకు పనికొస్తుంది. అక్కడి జాతీయ అగ్ని రక్షణ సంఘం లెక్కల ప్రకారం 2014–18 మధ్య గ్రిల్స్ కారణంగా ఇళ్ల వద్ద ఏటా సగటున 10,600 అగ్నిప్రమాదాలు జరిగాయి. గ్రిల్ గాయాలతో ఏటా సుమారు 19,700 మంది అత్యవసర చికిత్సకు వెళ్లారు. వేసవి వస్తుందనగానే అక్కడి ప్రభుత్వ సంస్థలు జాగ్రత్తలు చెబుతాయి. అయితే చెప్పడంతోనే సరిపెట్టలేదు. 1997 నుంచి బొగ్గు సంచుల మీద కార్బన్ మోనాక్సైడ్ హెచ్చరికతో పాటు ఇల్లు, గుడారం, వాహనం లోపల గ్రిల్ వద్దని చూపే బొమ్మనూ తప్పనిసరి చేశారు. అక్షరం రాకపోయినా ఆ బొమ్మ అర్థమవుతుంది. గ్రిల్స్‌కు వాడే చిన్న గ్యాస్ సిలిండర్లలో 80 శాతానికి మించి నింపకుండా అడ్డుకునే కవాటం పెట్టారు. అది లేని సిలిండర్లను 2002 ఏప్రిల్ నుంచి నింపకూడదన్నారు. మనిషి ఏమరుపాటుగా ఉన్నా పరికరం కాపాడాలన్నది ఆ నియమాల సారం. వేపుడు వాసన ఇంట్లో నిలవకూడదని గరాజ్‌లోకి పొయ్యి మార్చే అక్కడి మన తెలుగు కుటుంబాలూ ఒక మాట గుర్తుంచుకోవాలి. తలుపు తెరిచినా సరే, గరాజ్‌లో గ్రిల్ వెలిగించవద్దనే అక్కడి భద్రతా సంస్థలు చెబుతున్నాయి.

మన దగ్గర జరుగుతున్నదేమిటి? 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో జరిగిన పేలుడులో అమరులైన అగ్నిమాపక సిబ్బందిని స్మరిస్తూ ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 వరకు వారోత్సవాలు చేస్తున్నాం. అది గౌరవించదగిన సంప్రదాయం. కానీ కొండల మీద గుడారాలు వెలిసేది డిసెంబరు, జనవరిల్లో. ఏప్రిల్ ఎండల్లో పంచిన కరపత్రం జనవరి చలిలో ఎవరికి గుర్తుంటుంది?

ప్రమాదం కొండల మీదే లేదు. 2017 డిసెంబరు 29న ముంబయి కమలా మిల్స్‌లోని పైకప్పు రెస్టారెంట్లలో మంటలు లేచి 14 మంది చనిపోయారు. హుక్కా బొగ్గుల నుంచి ఎగిరిన నిప్పురవ్వలే కారణమని అగ్నిమాపక శాఖ విచారణ తేల్చింది. ఆ తర్వాత మహారాష్ట్రలో హుక్కా పార్లర్లను నిషేధించారు. చట్టం వచ్చింది గానీ 14 ప్రాణాలు పోయాక వచ్చింది. హైదరాబాద్, విజయవాడ, విశాఖ మేడల మీద ఇప్పుడు బార్బెక్యూ భోజనాలకు గిరాకీ పెరుగుతోంది. వెదురు తడికలు, ప్లాస్టిక్ గడ్డి, పైన టార్పాలిన్, వాటి నడుమ రగిలే బొగ్గులు! గాలి ఒక్కసారి విసురుగా వీస్తే చాలదా?

అందుకే ప్రభుత్వాలు చేయాల్సిన పనులు నాలుగున్నాయి. గుడారాల నిర్వాహకులకు, హోమ్‌స్టేలకు అనుమతి ఇచ్చేటప్పుడే లోపల కుంపటి పెట్టనివ్వకూడదన్న షరతు ఉండాలి. చాలినన్ని రగ్గులు ఇవ్వడం, రాత్రి నిద్రకు ముందే నిప్పుల్ని నీళ్లు పోసి పూర్తిగా ఆర్పించడం వారి బాధ్యత కావాలి. రెండు, అమ్మే ప్రతి బొగ్గు సంచి మీదా తెలుగులో హెచ్చరిక, పక్కనే బొమ్మ ఉండేలా కేంద్రాన్ని ఒప్పించాలి. మూడు, మేడ మీది రెస్టారెంట్లలో నిప్పు ఉన్న చోటుకీ మండే అలంకరణకీ మధ్య కనీస దూరాన్ని నిర్ణయించి, ఆకస్మిక తనిఖీలు చేయాలి. ఇంటి కోసం ఇచ్చిన 14.2 కిలోల సిలిండర్‌ను వ్యాపారానికి వాడటం ఇప్పటికే నేరం కాబట్టి ఆ తనిఖీ కూడా అప్పుడే జరగాలి. నాలుగు, అగ్నిభద్రత ప్రచారం డిసెంబరులో ఘాట్ రోడ్డు చెక్‌పోస్టుల దగ్గర మళ్లీ జరగాలి. గుడారంలో ఇద్దరికి ఒకేసారి తలనొప్పి వస్తే వెంటనే అందరూ బయటికొచ్చి 108కి ఫోన్ చేయాలన్న ఒక్క మాట ప్రతి డ్రైవరుకూ, ప్రతి ప్రయాణికుడికీ చేరాలి.

ఆంక్షలు పెడితే కొండమీద బతికే గిరిజనుల పొట్ట కొట్టినట్టవుతుందన్న వాదన వస్తుంది. ఆ భయం నిరాధారం. ఆరుబయట, నలుగురి కళ్లెదుట బొంగులో చికెన్ కాల్చి అమ్మేవారితో ఈ నియమాలకు పేచీ లేదు. వాటి భారం పడాల్సింది ఒక రాత్రికి వేలల్లో అద్దె వసూలు చేసే నిర్వాహకుల మీద. పైగా ఒక్క దుర్ఘటన జరిగితే పర్యాటకులు మొహం చాటేస్తారు, ఆ సీజన్‌లో ముందు నష్టపోయేది దారి పక్కన దుకాణం పెట్టుకున్నవారే. ఎవరి జాగ్రత్త వారిదేనన్న మాటా చెల్లదు. కంటికి కనిపించని, ముక్కుకు తెలియని విషం నుంచి నిద్రపోతున్న పిల్లలు ఎలా జాగ్రత్త పడతారు?

పర్యాటక, అగ్నిమాపక శాఖలు కలిసి కూర్చుంటే ఈ ఉత్తర్వు రాయడానికి ఒక పూట చాలు. దానికి పెద్ద బడ్జెట్టూ అక్కర్లేదు, కమిటీలూ అక్కర్లేదు. ఒక కుటుంబం బలయ్యాక ఇచ్చే నష్టపరిహారం కంటే, బలి కాకముందే ఇచ్చే ఉత్తర్వు మేలు. ఆ ఉత్తర్వును రెండు ప్రభుత్వాలూ వెంటనే ఇవ్వాలి.