తప్పు కార్బురేటరుదేనా?

పాత మిలిటరీ లారీ నడిరోడ్డు మీద దగ్గి దగ్గి ఆగిపోయిందంటే చాలు, "కార్బురేటరు పోయింది, పెట్రోలింజను తీసేసి డీజిలింజను పెట్టించు" అనే సలహా సిద్ధంగా వుంటుంది. ఆడలేక మద్దెల ఓడు అన్నట్లున్నది ఈ వ్యవహారం. యజమానికి వేలల్లో ఖర్చు. రవాణా శాఖ అనుమతి లేకుండా ఇంజను మారిస్తే అదొక చిక్కు. ఇంతా చేసి అసలు జబ్బు ఏమిటో తెలియనే తెలియదు.

రెండవ ప్రపంచ యుద్ధం 1945లో ముగిశాక సైన్యాలు వదిలించుకున్న ఫోర్డు, షెవర్లే, డాడ్జి లారీలు, విల్లీస్ జీపులు దేశంలో ప్రైవేటు యజమానుల చేతికి వచ్చాయి. ఆ తరువాతి కాలంలో జబల్పూరులో తయారైన నిస్సాన్ ఒన్ టన్, జోంగా బండ్లు కూడా సైన్యం వాడి తీసేశాక వేలంలో బయటికి వచ్చాయి. ఇవన్నీ పెట్రోలు బండ్లు. 1959 నుంచి జబల్పూరులోనే తయారైన శక్తిమాన్ డీజిలు బండి గనుక దానికి కార్బురేటరు గొడవే లేదు.

ఇటువంటి పెట్రోలు బండికి అనంతపురం ప్రాంతంలో రెండు కష్టాలు ఎదురవుతాయి. ఒకటి దుమ్ము, రెండోది ఎండ. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వానైనా సరిగా పడని నేల ఇది. బొమ్మనహాళ్, కణేకల్లు వైపు వేదవతి ఒడ్డున ఇసుక మేటలు పొలాలనే కమ్మేస్తున్నాయి. ఆ గాలినే ఇంజను కూడా పీల్చవలసి వున్నది.

ముందు చూడవలసినవి

ఆ కాలపు మిలిటరీ బండ్లలో చాలా వాటికి ఆయిలు గిన్నె వున్న ఎయిర్ క్లీనరు వుంటుంది. గాలిలోని దుమ్మును ఆ ఆయిలు పట్టి వుంచుతుంది. తారు రోడ్ల మీద ఎప్పుడో ఒకసారి మార్చే ఆయిలును ఇక్కడి మట్టి దారుల్లో రోజూ చూసుకోవాలి. గిన్నెలో బురద పేరుకుంటే ఇంజనుకు గాలి చాలదు. ప్లగ్గులు మసిబారతాయి, సైలెన్సరు నుంచి నల్లటి పొగ వస్తుంది. కార్బురేటరు పెట్రోలు తాగేస్తోందని నింద పడేది అప్పుడే.

టాంకు మూతకు గాలి పోయేందుకు సన్నని రంధ్రం వుంటుంది. అది దుమ్ముతో పూడిపోతే టాంకు నిండా పెట్రోలు వున్నా పంపు లాగలేదు. మూత విప్పగానే బుస్సుమని గాలి పీల్చుకుని, కాసేపటికి బండి మళ్లీ కదులుతుంది. ఒక పిన్నీసుతో పోయే జబ్బు ఇది.

మే నెల మధ్యాహ్నం ఆగిపోయి, చల్లబడ్డాక దానంతటది స్టార్టయ్యే బండికి కూడా కార్బురేటరులో దోషం లేకపోవచ్చు. వేడికి పైపులోనే పెట్రోలు ఆవిరైతే పంపు దాన్ని నెట్టలేదు. పంపుకూ పైపుకూ తడి గుడ్డ చుట్టి నీడన ఆపితే అప్పటికి గండం గడుస్తుంది. ఎగ్జాస్టు పక్కగా పోయే పైపును దూరంగా జరపడమే శాశ్వతమైన మందు. ప్లగ్గులు, పాయింట్లు, కండెన్సరు కూడా ముందే చూసుకోవాలి. నిప్పురవ్వ బలంగా లేకుంటే పెట్రోలు ఎంత బాగా అందినా ఇంజను పలకదు.

ఇవన్నీ అయ్యాకే కార్బురేటరు విప్పాలి. పెట్రోలు పొంగి కారుతుంటే ఫ్లోటునూ నీడిల్ వాల్వునూ చూడాలి. ఇత్తడి ఫ్లోటును చెవి దగ్గర ఆడిస్తే లోపల పెట్రోలు చేరిందో లేదో తెలుస్తుంది. వేడి నీళ్లలో ముంచితే చిల్లు వున్నచోట బుడగలు వస్తాయి. కార్బురేటరు నోట్లో నుంచి వెనక్కు తుపుక్కుమంటుంటే జెట్టులో నలుసో, నీటి బొట్టో వుండవచ్చు, లేదా గాస్కెట్టు దగ్గర గాలి దూరుతుండవచ్చు. జెట్టును గాలి కొట్టి శుభ్రం చేయాలే గాని తీగ దూర్చరాదు. ఇత్తడి రంధ్రం కాస్త పెద్దదైనా పెట్రోలు లెక్క తప్పుతుంది. టాంకు మూతకు పనికొచ్చిన పిన్నీసు ఇక్కడ పనికిరాదు.

అన్నిటికన్నా ప్రమాదకరమైన అలవాటు మరొకటున్నది. ఒకరు కార్బురేటరు నోట్లో పెట్రోలు పోస్తుంటే ఇంకొకరు సెల్ఫు కొడతారు. ఇంజను వెనక్కు తన్నితే మంట నేరుగా పోసేవాని చేతి మీదికే వస్తుంది. దీన్ని వెంటనే మానాలి.

కొత్త చిక్కు మరొకటి వచ్చింది. దేశంలో 2025 నాటికి పెట్రోలులో 20 శాతం ఇథనాలు కలపడం మొదలైంది. అది తేమను పీలుస్తుంది, పాత కాలపు రబ్బరు డయాఫ్రాలను మెత్తబరుస్తుంది. కాబట్టి నెలల తరబడి నిలిపి వుంచే బండిలో పెట్రోలు వుంచకపోవడం మంచిది. డయాఫ్రాన్ని ఈ పెట్రోలుకు తట్టుకునే రకంతో మార్చుకోవాలి.

ఈ విద్య నిలవాలి

ఇవి బ్రహ్మవిద్యలు కావు. ఒక వరుసలో చూడడం తెలియాలి, అంతే. ఆ వరుస తెలిసిన మెకానిక్కులు ముసలివారవుతున్నారు. 2020లో బి.ఎస్. 6 ప్రమాణాలు వచ్చాక కొత్త మోటారు సైకిళ్లలో సైతం చాలా వాటికి కార్బురేటరు పోయింది. ఇక కుర్రవాళ్లు దాన్ని చేత్తో పట్టి చూసేది ఎక్కడ? పాత లారీల కోసం ఇంత పట్టింపు ఎందుకని అడగవచ్చు. పల్లెల్లో ఇంకా తిరుగుతున్న పాత మోటారు సైకిళ్లకు వున్నది కార్బురేటరే. రైతు భుజాన మోసే పెట్రోలు స్ప్రేయరుకు వున్నదీ అదే. మందు కొట్టవలసిన వేళ అది మొరాయిస్తే నష్టపోయేది వేరుశెనగ పైరు.

ఉమ్మడి జిల్లాలోని ఐ.టి.ఐ.లు ఒక్కొక్క పాత పెట్రోలు ఇంజనును నేర్పే పనికి కేటాయించాలి. అనుభవం వున్న మెకానిక్కులను నెలకు ఒకటి రెండు రోజులైనా పిలిపించి, తగిన గౌరవ వేతనం ఇచ్చి పాఠం చెప్పించాలి. దీనికి పెద్ద బడ్జెట్టు అక్కర్లేదు. వారి చేతుల్లో ఓపిక వుండగానే ఈ పని జరగాలి.