టార్పాలిన్ కింద ఉడికిన కాయకు రైతు జరిమానా కట్టాలా?

చీనీ రైతులకు సూట్ అంటే ఏమిటో చెప్పక్కర లేదు. మన చీనీని బత్తాయి అనే నల్గొండ రైతులకూ అది తెలుసు. తూకంలో టన్నుకు వంద కిలోలు సూట్ తీస్తే, పది టన్నులు తోలిన రైతు ఒక టన్ను ఊరికే ఇచ్చి వచ్చినట్టు. ఎందుకయ్యా అంటే వ్యాపారి దగ్గర ఒకటే జవాబు: "ఢిల్లీ చేరేలోగా కాయ దెబ్బ తింటుంది, ఎండకు తూకం తగ్గుతుంది, ఆ నష్టం ఎవరు భరించాల?"

తగ్గే మాట నిజమే. కోసినాక కూడా కాయ ఊపిరి తీస్తూనే ఉంటుంది. వేడి పది డిగ్రీలు పెరిగితే ఆ వేగం సుమారు రెట్టింపవుతుంది. దానికి తోడు మన సీమ పొడిగాలి తొక్కలోంచి నీళ్ళు లాగేస్తుంది. మరి అలాంటి కాయను ఎట్లా పంపుతున్నారు? యార్డులో నేల మీద రాసి పోసి, వేలం అయ్యేదాకా ఎండబెట్టి, లారీలో అడుగున వరిగడ్డి పరిచి, లూజుగా నిలువెత్తు నింపి, పైన టార్పాలిన్ బిగించి. పై కాయల బరువంతా అడుగు కాయ మీదే. తొక్క గీసుకున్న చోట పచ్చబూజు దిగుతుంది, పక్క కాయలకూ పాకుతుంది. కాయల ఊపిరి వేడి గాలాడని టార్పాలిన్ కిందే ఉండిపోతుంది. రెండు వేల కిలోమీటర్ల ప్రయాణం ఈ వైభోగంతో.

లారీ ఎట్లా నింపాలో చెప్పేది కొన్నవాడు. నష్టం మాత్రం లారీ కదలకముందే కాటా దగ్గర మన చీటీలో రాసేస్తాడు. నష్టం ముందే రైతు మీద పడేశాక, మంచి ప్యాకింగుకు వాడెందుకు పైసా పెడతాడు? సూట్ ఉన్నంత కాలం క్రేట్లు రావు. మదనపల్లె టమోటా ప్లాస్టిక్ క్రేట్లలో పోతోంది కదా, చీనీకి ఏం అడ్డమొచ్చింది? పక్కల సందులున్న క్రేటులో గాలి ఆడుతుంది, ఒకదాని మీద ఒకటి పెట్టినా బరువు క్రేటు మీద పడుతుంది గానీ కాయ మీద పడదు.

2020 సెప్టెంబర్ 9న అనంతపురం నుంచి ఢిల్లీకి కిసాన్ రైలు జెండా ఊపి పంపారు. మంచిదే. కానీ బండి ఎంత తొందరగా పోయినా, నలిగి ఎక్కిన కాయ నలిగే దిగుతుంది. కోల్డ్ స్టోరేజీలు కడతామనే ఉపన్యాసాలకూ ఇదే జవాబు. చల్లటి గదిలో పెడితే తొక్క గాయం మానదు.

కోట్లు అక్కర లేని పని కూడా ఉంది. ఢిల్లీ పూసా సంస్థ ఎప్పుడో చూపించింది: రెండు వరసల ఇటుక గోడ, మధ్యలో ఇసుక, దాన్ని తడుపుతూ ఉంటే లోపల వేసవిలో పది, పదిహేను డిగ్రీలు తగ్గుతుంది, తేమ నిలుస్తుంది. గాలి ఎంత పొడిగా ఉంటే అంత బాగా పనిచేస్తుంది, అంటే మన జిల్లాకే సరిపోయింది. చిన్నదైతే క్వింటాలు కాయకే చాలుతుంది, టన్నులకు ప్యాక్ హౌస్ కావాల్సిందే. అయినా ఇటుకా ఇసుకా కూడా ఊళ్ళకు చేరలేదెందుకో ఉద్యానశాఖ చెప్పాల.

మన వైపు పనీ ఉంది. కాయను లాగి కోస్తే తొడిమ దగ్గర చీలుతుంది, కత్తెరతో కోయించండి. మంచు ఆరినాక, ఎండ ముదరకముందు కోయించండి. నీడలో పోయండి. కూలీలకు నాలుగు డబ్బులు ఎక్కువైనా సరే.

మన డిమాండ్లు ఇవి. సూట్ పూర్తిగా ఎత్తేయాల. కాటా మీద ఎంత పడితే అంతకూ డబ్బు ఇవ్వాల. రాసులు పోసే చోట షెడ్డు వేయాల. మన సరుకు మీద వసూలయ్యే సెస్సుతోనే మార్కెట్ కమిటీ క్రేట్లు కొని అద్దెకివ్వాల. ఈ సీజను తూకం చీటీలు పారేయకుండా సంఘం ఆఫీసుకు తెచ్చివ్వండి. ఎవరి దగ్గర ఎన్ని కిలోలు కోశారో లెక్క కట్టి, వినతిపత్రానికి జత చేసి, యార్డు కార్యదర్శి బల్ల మీద పెడదాం.