సంతకానికి తొందరేముంది?

'మా ఆఫీసులో రీస్ట్రక్చరింగ్ అట' అని మీవారు చెప్పినా, మీ ఆఫీసులోనే ఆ మాట వినబడినా గుండె గుభేల్మంటుంది. అయితే కంగారు పడేముందు ఒక్క సంగతి తెలుసుకోవాలి. కంపెనీ తీసేయడం వేరు, మనంతట మనం మానేయడం వేరు.

చాలాచోట్ల జరిగేదేమిటంటే, ఓ సాయంత్రం హెచ్.ఆర్. వాళ్ళు గదిలోకి పిలుస్తారు. 'మీరే రాజీనామా ఇచ్చేయండి, మీ రికార్డు బాగుంటుంది. లేకపోతే మేమే తీసేయాల్సి వస్తుంది' అంటారు మెత్తగా. పరువు పోతుందని మనవాళ్ళు అక్కడికక్కడే సంతకం పెట్టేసి వస్తారు. దాంతో రావలసిన పరిహారం కాస్తా చేజారిపోతుంది!

మనుషులు ఎక్కువయ్యారని ఏడాది పైన సర్వీసున్న వర్కర్‌ని తీసేస్తే నెల ముందు నోటీసు గాని, నెల జీతం గాని ఇవ్వాలి. ఆపైన ప్రతి ఏడాది సర్వీసుకీ 15 రోజుల జీతం. 2025 నవంబరు 21న అమలులోకొచ్చిన కొత్త లేబర్ కోడ్ ప్రకారం, కొత్త పని నేర్చుకోవడానికని మరో 15 రోజుల జీతం కూడా 45 రోజుల్లో ఖాతాలో పడాలి. రాజీనామా చేస్తే ఇవేవీ రావు. మేనేజర్ హోదాలో ఉన్నవాళ్ళకి ఈ లెక్క వర్తించదు. వాళ్ళు అపాయింట్‌మెంట్ ఆర్డరు తీసి చూసుకోవాలి.

గ్రాట్యుటీ మాత్రం అయిదేళ్ళు నిండితే రాజీనామా చేసినా వస్తుంది. లెక్క సులువే. బేసిక్, డి.ఏ. కలిపి 26తో భాగించి, 15తోనూ, సర్వీసు ఏళ్ళతోనూ హెచ్చవేయండి. 26 వేల జీతానికి పదేళ్ళ సర్వీసుంటే లక్షా యాభై వేలు.

ఇష్టపడి వెళ్ళడం తప్పేమీ కాదు. 2019లో బి.ఎస్.ఎన్.ఎల్. వి.ఆర్.ఎస్. పెట్టినప్పుడు, 50 ఏళ్ళు నిండినవాళ్ళకి చేసిన ప్రతి ఏడాదికీ 35 రోజులు, ఇంకా మిగిలిన ప్రతి ఏడాదికీ 25 రోజుల జీతం అని ముందే కాగితం మీద పెట్టింది. ఆలోచించుకోవడానికి నెల గడువిచ్చింది. 78 వేలమందికి పైగా ఒప్పుకుని, 2020 జనవరి 31న బయటికొచ్చారు. ఇంట్లో కూర్చుని లెక్కలు వేసుకునే వీలు వాళ్ళకి దొరికింది. ఏ కంపెనీ అయినా ఆపాటి మర్యాద చూపించాలి కదా!

అందుకని కాగితం ఇచ్చిన రోజే సంతకం పెట్టకండి. 'ఇంటికెళ్ళి చదువుకుని చెప్తాను' అనండి. ఎవరేమన్నారో తేదీతో సహా రాసిపెట్టుకోండి. బలవంతం చేస్తే లేబర్ ఆఫీసుకి వెళ్ళండి. మెటర్నిటీ లీవులో ఉన్న అమ్మాయిని తీసేయడమైతే చట్టవిరుద్ధం.

ఇక ఇంటి సంగతి. ఉద్యోగంతోబాటు కంపెనీ హెల్త్ ఇన్సూరెన్సూ పోతుంది. ముందు అది చూసుకోండి. చేతికొచ్చిన డబ్బులోంచి ఆరు నెలల ఖర్చు విడిగా బ్యాంకులో వేశాకే మిగతా మాట. చుట్టాలడిగితే దాచకండి. ఇంకో ఉద్యోగం కబురు తెచ్చేదీ వాళ్ళేనేమో!