ఆపదగిన మందు, ఆపరాని మందు

 

వయసు మళ్ళిన తల్లులున్న ఇళ్ళలో ఎముకల మందు గురించి ఈ రోజుల్లో రెండు రకాల మాటలు వినవస్తున్నాయి. "ఆ మందు దవడ ఎముకను కుళ్ళబెడుతుందట అమ్మీ, ఇక మానెయ్యండి" అన్నది ఒకటి. "ఏడేళ్ళ క్రిందట డాక్టరుగారు వ్రాసిచ్చారు, ఆ చీటీయే చూపి ఇప్పటికీ తెచ్చుకుంటున్నాము" అన్నది మరొకటి. ఈ రెండు మాటలవల్లా నష్టపోయేది ఆ తల్లియే. గుల్లబారిన ఎముకలకు ఇచ్చే మందులలో కొంతకాలానికి వైద్యుని సలహాతో ఆపదగినవి ఉన్నాయి. ఒక్క నెల కూడా ఆలస్యం చేయరానిది కూడా ఉన్నది. ఏది ఏ కోవకు చెందినదో ఇంటివారికి తెలియకపోవటమే ఆ మందుల దుష్ఫలితాలకంటే పెద్ద ప్రమాదమని మేము భావిస్తున్నాము.

మేము వైద్యులము కాము. మదరసాలో పాఠాలు చెప్పుకునేవారము. అయితే స్త్రీల దర్సుకు వచ్చే తల్లులు ఈ మందుల విషయంలో నమాజు గురించి, ఉపవాసం గురించి మమ్మల్ని అడుగుతూ ఉంటారు. వారికి బదులు చెప్పవలసి వచ్చినందున మందు పెట్టెలలోని కాగితాలు చదివాము, వైద్యులను అడిగి తెలుసుకున్నాము. అందులో నిశ్చయమైన మాటలనే ఇక్కడ వ్రాస్తున్నాము. మందు మొదలుపెట్టటం, మార్చటం, ఆపటం మాత్రం మీ వైద్యుని పనియే.

ఎముక రాయి వంటిది కాదు. మన శరీరం పాత ఎముకను నిత్యం కొద్దికొద్దిగా కరిగించివేస్తూ, ఆ చోట క్రొత్త ఎముకను కట్టుకుంటూ ఉంటుంది. స్త్రీలకు బహిష్టులు ఆగిపోయిన తరువాత కట్టుబడికంటే కరుగుబడి ఎక్కువ అవుతుంది. మన ఉభయ తెలుగు రాష్ట్రాలలో మరొక కారణం కూడా తోడవుతున్నది. గర్భసంచి తీయించుకున్న స్త్రీల నిష్పత్తిలో దేశంలోనే ఈ రెండు రాష్ట్రాలు ముందు వరుసలో ఉన్నాయని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు తెలిపాయి. ఆ ఆపరేషనులో అండాశయాలను కూడా తొలగించి ఉంటే ఎముకలకు ఈ క్షీణత నలభై ఏళ్ళ లోపే మొదలుకావచ్చును.

అలెండ్రోనేట్, రిసెడ్రోనేట్, ఐబాండ్రోనేట్ అనే మాత్రలు, జోలెడ్రోనిక్ ఆసిడ్ అనే సెలైన్ మందు, ఇవన్నీ బిస్ఫాస్ఫొనేట్లు అనబడే ఒకే కుటుంబానికి చెందినవి. ఇవి ఎముకను అంటిపెట్టుకుని కరుగుబడిని నెమ్మదింపజేస్తాయి. అప్పటికే వెన్నుపూస విరిగి ఉన్న స్త్రీలపై జరిగిన పెద్ద పరిశోధన 1996లో వెలువడింది. అలెండ్రోనేట్ వాడినవారిలో తుంటి విరగటం, వెన్నుపూసలు విరగటం సుమారు సగానికి తగ్గినట్లు అందులో తేలింది. తుంటి విరిగిన వృద్ధురాలు మంచానికి అంటుకుపోతే ఆ ఇల్లు ఏమవుతుందో చూచినవారికి ఈ మాట విలువ తెలుస్తుంది.

ఇక మాత్ర వేసుకునే తీరు. సాధారణంగా అలెండ్రోనేట్ 70 మిల్లీగ్రాముల మాత్ర వారానికి ఒకటి. ఇది అన్నవాహికలో చిక్కుకున్నా, కడుపులో నుండి పైకి ఎగదన్నినా అక్కడ పుండు చేస్తుంది. కనుక ఉదయం ఖాళీ కడుపుతో, నిండు గ్లాసు మంచినీళ్ళతో నమలకుండా, చప్పరించకుండా మ్రింగాలి. ఆ తరువాత కనీసం అరగంట కూర్చునో, నిలబడో, నడుస్తూనో ఉండాలి. ఏదైనా తినేవరకు పడుకోరాదు. ఐబాండ్రోనేట్ నెలమాత్రకైతే ఆ వ్యవధి గంట. ఖాళీ కడుపున వేసుకున్నా ఈ మందులో నూటికి ఒక వంతైనా రక్తంలోకి చేరదు. కాఫీతోనో నారింజ రసంతోనో వేసుకుంటే ఆ కాస్తలోనూ సుమారు 60 శాతం తగ్గిపోతుంది. చాయ్‌తో, పాలతో, కాల్షియం మాత్రతో కలిపి వేసుకోవటమూ తగదు. థైరాయిడ్ మాత్ర కూడా పరగడుపుననే వేసుకునేవారు ఆ రోజు ఏది ముందు, ఏది తరువాత అని వైద్యుని అడిగి వ్రాయించుకోవాలి.

మన ఇళ్ళలో ఇక్కడ ఒక సంగతి గమనించవలసి ఉన్నది. ఫజర్‌కు లేచిన తల్లి ముందుగా మాత్ర వేసుకుని, ఆ వెంటనే నమాజుకు నిలబడుతుంది. రుకూలో, సజ్దాలో తల, రొమ్ము కడుపుకంటే క్రిందికి వస్తాయి. అప్పుడు మందు పైకి ఎగదన్నే వీలున్నది. నమాజు ముగించి మళ్ళీ నడుము వాల్చటం మరికొందరి అలవాటు. అది మరింత హాని. కనుక వుజూ చేసుకుని, ఫజర్ నమాజు పూర్తిచేసి, ఆ తరువాత మాత్ర వేసుకోవటం మంచిది. ఆ అరగంటను కూర్చుని ఖుర్ఆన్ పారాయణంలో గడపవచ్చును, లేదా వాకిట్లో నడవవచ్చును. ఆ తరువాతే చాయ్, నాష్తా. మ్రింగుతున్నప్పుడు నొప్పి కలిగినా, రొమ్ము వెనుక క్రొత్తగా మంట మొదలైనా మాత్ర ఆపి వైద్యుని చూడాలి. అన్నవాహిక ఇరుకై ఉన్నవారికి, అరగంట నిటారుగా కూర్చోలేనివారికి ఈ మాత్ర తగదు. అటువంటివారికి ఇంజెక్షన్ మార్గం ఉన్నది. ఒక వారం మాత్ర మరచిపోతే, గుర్తువచ్చిన మరునాటి ఉదయం ఒకటి వేసుకుని, తిరిగి తమ వాడుక రోజుకే రావాలి. ఒకే రోజున రెండు వేసుకోరాదు.

రమజాన్ మాసంలో ఏమి చేయాలని చాలామంది అడుగుతారు. వారానికి ఒక్క రోజు సంగతే కనుక ఇది కష్టమేమీ కాదు. ఆ రోజు సహరీకి ముప్పావుగంట ముందుగా లేచి మాత్ర వేసుకోవాలి. అరగంట ఆగి సహరీ భుజించాలి. తహజ్జుద్ చదివే అలవాటున్నవారు దానిని మాత్రకు ముందే చదువుకోవాలి. చర్మం క్రింద ఇచ్చే, పోషకం కాని ఇంజెక్షన్ వల్ల ఉపవాసం భంగం కాదన్నది అత్యధిక ఉలమాల అభిప్రాయం. జోలెడ్రోనిక్ ఆసిడ్ సెలైన్‌కు మాత్రం ముందూ వెనుకా నీళ్ళు బాగా త్రాగవలసి ఉంటుంది. కనుక దానిని రమజాన్‌కు ముందో, పండుగ తరువాతో పెట్టించుకోవటం క్షేమం.

ఆ సెలైన్ ఏడాదికి ఒకసారి, 5 మిల్లీగ్రాములు, కనీసం పదిహేను నిమిషాలపాటు ఎక్కిస్తారు. మొదటిసారి తీసుకున్నవారిలో సుమారు మూడింట ఒక వంతు మందికి జ్వరం, ఒళ్ళునొప్పులు వస్తాయి. మూడు రోజులలో తగ్గిపోతాయి. పారాసెటమాల్ ఉపశమనం ఇస్తుంది. మరుసటి సంవత్సరం ఈ బాధ చాలా తక్కువగా ఉంటుంది. కాని మూత్రపిండాలు బాగా బలహీనపడినవారికి ఈ మందు ఇవ్వరాదు. రక్తంలో కాల్షియం తక్కువగా ఉన్నవారికి ముందు ఆ లోటు తీర్చాలి. షుగరు, బీపీ ఉన్న తల్లులెందరో మన ఇళ్ళలో ఉన్నారు. సెలైన్ పెట్టించుకునే ముందు క్రియాటినిన్, కాల్షియం, విటమిన్ డి పరీక్షలు జరిగినవో లేదో అడగటం కుమారుల బాధ్యత.

దవడ మాటకు వద్దాము. ఈ మందులు వాడినవారిలో దవడ ఎముక చచ్చుబడటాన్ని వైద్యలోకం 2003లో మొదటిసారి గుర్తించింది. అలా జరిగినవారిలో అత్యధికులు క్యాన్సరు రోగులు. వారికి ఇదే కోవ మందులను చాలా ఎక్కువ మోతాదులో, తరచుగా రక్తనాళంలోకి ఇస్తారు. గుల్ల ఎముకలకు వాడేవారిలో ఇది లక్షమందికి ఒకరు మొదలు పదిమంది వరకు అని 2015లో అంతర్జాతీయ నిపుణుల బృందం అంచనా కట్టింది. అరుదైనదే అయినా లేనిది కాదు. కనుక మందు మొదలుపెట్టకముందే దంతవైద్యునికి నోరు చూపించి, పీకవలసిన పళ్ళుంటే ముందే పీకించుకోవాలి. మందు వాడుతున్న సంగతి తరువాత కూడా దంతవైద్యునికి చెప్పాలి. చిగుళ్ళ జబ్బు ఈ ప్రమాదాన్ని పెంచుతుంది కాబట్టి పాన్, జర్దా మానటం ఈ చికిత్సలో భాగమే అనుకోవాలి. పన్ను పీకించాలని ఎవరికి వారే మందు ఆపివేయటం తగదు. అది ఇద్దరు వైద్యులు మాట్లాడుకుని తేల్చవలసిన విషయం.

దవడకంటే మనవారు ఎక్కువగా గమనించవలసినది తొడ ఎముక. బిస్ఫాస్ఫొనేట్లను ఏళ్ళ తరబడి వాడిన కొందరిలో దెబ్బ ఏమీ తగలకుండానే తొడ ఎముక నడిమికి విరుగుతుంది. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2010 అక్టోబరులో దీనిపై హెచ్చరిక జారీచేసింది. ఆసియా సంతతి స్త్రీలలో ఇది ఎక్కువని అక్కడే 2020లో వెలువడిన ఒక పరిశోధన తెలిపింది. ఆ లెక్క ఇది: పదివేలమంది ఆసియా సంతతి స్త్రీలు మూడేళ్ళు మందు వాడితే 91 తుంటి విరుపులు తప్పుతాయి, మందువల్ల 8 తొడ విరుపులు కలుగుతాయి. మేలు పెద్దదే, కీడు కూడా నిజమే. అయితే ఈ కీడు చాలామందిలో ముందుగా కబురు పంపుతుంది. వారాల, నెలల ముందునుంచే తొడలోనో గజ్జలోనో సన్నని నొప్పి ఉంటుంది. ఆ నొప్పిని వాతమనో, వయసు అనో నూనె మర్దనతో సరిపెట్టుకోరాదు. "ఎముకల మాత్ర వాడుతున్నాను" అని చెప్పి రెండు తొడలకూ ఎక్స్‌రే తీయించాలి.

ఇందువల్లనే బిస్ఫాస్ఫొనేట్లను జీవితాంతం కన్నుమూసుకుని వాడరాదు. అయిదేళ్ళు అలెండ్రోనేట్ వాడినవారిలో కొందరికి ఆపి, కొందరికి కొనసాగించి చూచిన పరిశోధన 2006లో వెలువడింది. ఆపినవారికి మొత్తం మీద విరుపులు పెద్దగా పెరగలేదు. బాధపెట్టే వెన్నుపూస విరుపులు మాత్రం నూటికి రెండు చొప్పున ఉండవలసినవి అయిదు వరకు కనిపించాయి. మందు ఎముకలో నిలిచి ఉండి కొంతకాలం పనిచేస్తూనే ఉంటుంది గనుక ఈ విరామం సాధ్యమైనది. మాత్రలైతే అయిదేళ్ళకు, సెలైన్ అయితే మూడేళ్ళకు డెక్సా స్కాన్ తీయించి, ఆపాలో కొనసాగించాలో వైద్యుని అడగాలి. ఇదివరకే ఎముక విరిగినవారికి కొనసాగించవలసి రావచ్చును.

ఇప్పుడు రెండవ కోవ మందు. డెనోసుమాబ్ అనే ఇంజెక్షన్‌ను ఆరు నెలలకు ఒకసారి, 60 మిల్లీగ్రాములు, చర్మం క్రింద ఇస్తారు. ఇది ఎముకలో నిలువ ఉండదు. గడువు దాటగానే అణగి ఉన్న కరుగుబడి ఒక్కసారిగా పైకి లేస్తుంది. వచ్చిన లాభమంతా పోవటమే గాక కొందరిలో వెన్నుపూసలు ఒకటి తరువాత ఒకటిగా కూలిపోతాయి. గడువు మీద ఒక నెలకు మించి ఆలస్యం కారాదని వైద్యులు చెబుతారు. ఆపవలసి వస్తే దాని వెంట మరొక మందు, సాధారణంగా బిస్ఫాస్ఫొనేట్, మొదలుపెట్టి తీరాలి. మాకు తెలిసిన ఒక కుటుంబంలో నానీమా "ఇప్పుడు బాగానే ఉన్నాను, బిడ్డల సొమ్ము దండగ ఎందుకు" అని రెండు ఇంజెక్షన్లు మానివేశారు. ఏ దెబ్బా తగలకుండానే ఆ సంవత్సరంలో ఆమెకు మూడు వెన్నుపూసలు అణగిపోయాయి. నిటారుగా నడిచే మనిషి నేడు గోడ పట్టుకుని నడుస్తున్నారు. ఆమెకు కీడు చేసింది మందు కాదు. ఆపరాదన్న ఒక్క మాట ఇంటిలో ఎవరికీ తెలియకపోవటమే.

జిద్దాకో, దుబాయికో, అమెరికాకో పిల్లల వద్దకు వెళ్ళే తల్లులు, హజ్, ఉమ్రాలకు బయలుదేరేవారు టికెట్టు తీసుకునే ముందే తదుపరి ఇంజెక్షన్ తేదీ చూచుకోవాలి. మూత్రపిండాల జబ్బు ముదిరినవారికి, డయాలిసిస్ చేయించుకుంటున్నవారికి ఈ ఇంజెక్షన్ వల్ల రక్తంలో కాల్షియం ప్రమాదకరంగా పడిపోవచ్చునని 2024 జనవరిలో అమెరికా సంస్థ తీవ్ర హెచ్చరిక చేర్చింది. అటువంటివారు మూత్రపిండాల వైద్యుని అనుమతి లేనిదే దీనిని తీసుకోరాదు. మూతి చుట్టూ, వ్రేళ్ళ చివర తిమ్మిరి, కండరాలు పట్టివేయటం కాల్షియం పడిపోయిందనటానికి గుర్తులు.

చికిత్స చేయించుకోవటం తవక్కుల్‌కు విరుద్ధం కాదని మన పాఠకులకు క్రొత్తగా చెప్పనక్కరలేదు. మందును దాని షరతులతో వాడటం కూడా ఆ చికిత్సలోనిదే. తల్లి చదువుకోనిదైతే ఆ షరతులు తెలుసుకోవటం బిడ్డల బాధ్యత. నేడే ఒక కాగితం మీద నాలుగు సంగతులు వ్రాసి బీరువా తలుపు లోపల అంటించండి: మందు పేరు, మొదలుపెట్టిన తేదీ, తదుపరి మోతాదు తేదీ, "ఇది వైద్యునితో ఆపదగినదా, ఆపరానిదా" అన్న ప్రశ్నకు డాక్టరుగారి జవాబు. నాలుగవ సంగతి మీకు తెలియకపోతే ఈ వారమే వెళ్ళి అడగండి. అల్లాహ్ మన తల్లులందరికీ ఆరోగ్యాన్ని ప్రసాదించుగాక. ఆమీన్.