టైల్స్ పెచ్చులు లేస్తె తప్పెవరిది?

నాచారంల మా ఇంటి హాలుకు టైల్స్ ఏపిచ్చినం. ఆర్నెల్లకే పైపొర పెచ్చులు లేశింది. దుకాణమాయన "మేస్త్రీ తప్పు" అంటడు. మేస్త్రీ "మాలే కచరా అన్నా" అంటడు. ఇద్దరి నడుమ చెప్పులరిగేది మనయి.

చేతిల ఉన్నది కచ్చా చిట్టీ. జీఎస్టీ మిగుల్తదని మేమే ఒప్పుకున్నం, గా ఆశే ఆయనకు ధైర్యం. చిట్టీ కింద "అమ్మిన సరుకు వాపస్ తీసుకోబడదు" అని ముద్ర. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం బిల్లియ్యకపోవుడే అక్రమ వ్యాపారం. బిల్లుల గడువు రాయకుంటె, 30 రోజుల్ల తెచ్చిన పాడు సరుకును వాపస్ తీసుకోననుడు గూడ అంతే. ముద్రతోని చట్టం మారదు.

నెల దాటిందని చేతులెత్తెయ్యొద్దు. రెండేండ్ల దాంక జిల్లా కమిషన్ల కేసెయ్యొచ్చు, మనముండే జిల్లలనే. 5 లక్షల లోపు సరుకుకు ఫీజు లేదు, వకీలు పెట్టాల్నని గూడ లేదు. ముందుగాల 1915కు ఫోన్ కొట్టి ఫిర్యాదు నంబరు తీసుకోవాలె. మాలుదా, మేస్త్రీదా అన్న పంచాది ల్యాబుల తేల్తది. కమిషనే నమూనా పంపుతది, ఆ ఖర్చు మాత్రం మనమే కట్టాలె. అందుకే పరవని టైల్స్, డబ్బా మీది బ్యాచ్ నంబరు పారెయ్యొద్దు. మాయి రెండు పూలకుండీల కింద దొరికినయ్.

ఫోన్ల పైసలు పంపిన లెక్క జతచేసి నోటీసు పంపినం. "కూసుండి మాట్లాడుకుందమన్నా" అని నిన్న దుకాణమాయనే ఫోన్ జేశిండు.